ఆటకూ పనిలేమికీ ఒకే మాట

ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ మిల్లు ఊళ్లలో పిల్లలు వీధిలో ఆడుకుంటుంటే ‘లేకింగ్’ అనేవారు. గిరాకీ పడిపోయి మిల్లు ఆగితే, కూలి లేక ఇంటిపట్టున ఉన్న తండ్రినీ ‘లేకింగ్’ అనే అనేవారు. ఒకటి కేరింత, ఇంకొకటి పస్తు. మాట మాత్రం ఒకటే.

దీని క్రియారూపం ‘లేక్’. సరస్సు అని అర్థమిచ్చే ఇంగ్లిషు ‘లేక్’తో దీనికి ఏ చుట్టరికమూ లేదు. ఇది వైకింగుల వెంట సముద్రం దాటి వచ్చింది. ఆ వైకింగుల్లోని డేన్‌ల సేన 866లో యార్క్‌ను పట్టుకుంది. పదేళ్లు తిరిగేసరికి ఆ సైనికులే భూములు పంచుకుని, నాగళ్లు కట్టి, ఆ చుట్టుపక్కల పల్లెల్లో స్థిరపడ్డారు. వాళ్ల నార్స్ భాషలో ఆడుకోవడాన్ని ‘లెయికా’ అంటారు. డెన్మార్క్ వడ్రంగి ఓలె కిర్క్ క్రిస్టియన్సెన్ ‘బాగా ఆడుకో’ అనే డేనిష్ మాటల్ని కుదించి 1934లో తన బొమ్మలకు ‘లెగో’ అని పేరు పెట్టాడు. అందులోని మొదటి ముక్కదీ ఇదే వంశం.

ఆంగ్లేయుల సొంత భాషలోనూ దీనికి ‘లాక్’ అనే తోబుట్టువు ఉండేది. ఆట, పోరు, కానుక అన్నీ దాని అర్థాలే. ‘బేవుల్ఫ్’ అనే పాత ఇంగ్లిషు కావ్యం యుద్ధాన్ని కత్తుల ఆటగా చెప్పింది ఆ మాటతోనే. కాలక్రమంలో అది మాసిపోయింది. మిగతా ఇంగ్లండ్‌కు ‘ప్లే’ చాలింది. ఉత్తరాది వాళ్లు తమ మాటను విడిచిపెట్టలేదు.

పని మానితే ఆట, సెలవైనా ఆటే. ఆ వరసలోనే పని దొరకని రోజులకూ ఈ మాట అంటుకుంది. అడగని సెలవును కూడా ఆట మాటతో చెప్పుకున్న కార్మికుల గుండె నిబ్బరం గొప్పది.

ఇలాంటి మాటల్ని కాపాడినవాడు జోసెఫ్ రైట్. బ్రాడ్‌ఫర్డ్ దగ్గర 1855లో పుట్టాడు. ఏడేళ్ల ప్రాయంలోనే సాల్టెయిర్ మిల్లులో చేరాడు. నూలు నిండిన కండెలు తీసి, వాటి స్థానంలో ఖాళీవి తొడగడం అతని పని. పదిహేనేళ్లు వచ్చేదాకా చదవడం రాదు. ఆ కుర్రాడే తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడై, 1898–1905 మధ్య ఇంగ్లిషు మాండలిక నిఘంటువును ఆరు సంపుటాలుగా వెలువరించాడు. పుస్తకాలతో పరిచయం లేని రోజుల్లో ఇంట్లో, మిల్లులో విన్న యాసే అతని తొలి చదువు.

లీడ్స్ విశ్వవిద్యాలయం నుంచి హెరాల్డ్ ఆర్టన్ బృందం 1950–61 మధ్య 313 చోట్ల మాండలికాల సర్వే చేసింది. వాళ్లు ఎక్కువగా వెతికింది పుట్టిన ఊరు దాటని ముసలి రైతుల్ని. కావలసిన మాట తమ నోట రానివ్వకుండా, వస్తువు చూపించో వర్ణించో పెద్దాయన చేతే పలికించేవారు. పిల్లలు ఏం చేస్తున్నారని అడిగితే ఉత్తరాదిలో చాలాచోట్ల ‘లేకింగ్’ అనే జవాబు వచ్చింది.