వేలిముద్ర పైన ఏం రాశారు?

మా ఊరు బామ్ని అంటే "మహారాష్ట్రలో తెలుగు ఊరా?" అని మన సంఘం సభ్యులే ఆశ్చర్యపోతారు. గడ్చిరోలి జిల్లా, సిరొంచ తాలూకా. ప్రాణహిత దాటితే తెలంగాణ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అడవి లోపలికి పోతే గోండి, మాడియా. సర్కారు కాగితం మాత్రం మరాఠీలోనే వస్తుంది.

బ్యాంకులో నాది ముప్ఫై ఏళ్ల సర్వీసు. చదువురాని ఖాతాదారు లోను పత్రాల మీద వేలిముద్ర వేస్తే, అందులో ఉన్నది అతనికి తెలిసిన భాషలో చదివి వినిపించామని ఒకరు రాసి సంతకం చేయాలి. ఇన్‌స్పెక్షనుకు వచ్చినవాళ్లు వెతికేవాటిలో అదొకటి. అప్పు కాగితానికే ఇంత జాగ్రత్త ఉంటే, అడవిలో మనిషి చనిపోయాక రాసే పంచనామాకు ఎంత ఉండాలి? తెలుగో మాడియానో తప్ప రానివాడి వేలిముద్ర మరాఠీ కాగితం కింద ఉంటే, దానికి విలువెంత?

1980 నవంబరులో బెల్లంపల్లి యువకుడు పెద్ది శంకర్ మా సిరొంచ తాలూకాలోనే పోలీసు కాల్పుల్లో మరణించాడు. అప్పటికింకా మాది చంద్రపూర్ జిల్లా. గడ్చిరోలి 1982లో వేరుపడింది. ఆ తరువాత ఊళ్ల బతుకే మారిపోయింది. మా మేనమామ పోలీసు పాటిల్. ఆయన అనేవాడు: "పగలొచ్చినోళ్లు సంతకం పెట్టుమంటరు, రాత్రొచ్చినోళ్లు ఎందుకు పెట్టినవంటరు. చెయ్యి ఒక్కటే గదా అల్లుడా!"

ఇలాంటి చోట్లకు నిజనిర్ధారణ బృందాలు వెళ్లడం మన తెలుగునాట పాత సంగతే. ఎమర్జెన్సీలో జరిగిన ఎన్‌కౌంటర్లను 1977లో తార్కుండే కమిటీ విచారించింది. తరువాత పౌరహక్కుల సంఘం కన్నబిరాన్, బాలగోపాల్ వంటివారితో ఆ పనిని ఏళ్ల తరబడి సాగించింది. వాళ్లు చేసేది నాకు మా ఇన్‌స్పెక్షనులాగే తోస్తుంది. చనిపోయిన మనిషిని ముందురోజు ఎవరైనా పోలీసుల వెంట చూశారా? గాయం ఎంత దగ్గర నుంచి తగిలింది? పోస్టుమార్టం రిపోర్టు, పంచనామా ఒకే మాట చెబుతున్నాయా? బాలగోపాల్ గారు కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పిన మనిషి, ఆశ్చర్యమేముంది! కాకపోతే మా ఇన్‌స్పెక్టర్లకు టీఏ, డీఏ ఉంటాయి. వరంగల్లులో పిల్లల డాక్టరు రామనాథం గారిని, ఆ సంఘం ఉపాధ్యక్షుడిని, 1985 సెప్టెంబరు 3న ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు.

బి.కాం. మొదటి ఏడాదిలోనే డబుల్ ఎంట్రీ నేర్పుతారు: డెబిట్ ఉంటే క్రెడిట్ ఉండాలి. ఎన్‌కౌంటరు కేసుల్లో చాలాకాలం ఒకే ఎంట్రీ. పోలీసులపై హత్యాయత్నం చేశాడని చనిపోయినవాడి మీద కేసు. ముద్దాయి లేడు కనుక అదీ మూత. చంపినవారి వైపు పద్దే లేదు. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఫిర్యాదు మీదే జాతీయ మానవ హక్కుల కమిషను 1997 మార్చిలో అన్ని రాష్ట్రాలకూ మార్గదర్శకాలు పంపింది. 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, ప్రతి ఎన్‌కౌంటరు మరణానికీ ఎఫ్.ఐ.ఆర్. ఉండాలని, సి.ఐ.డి. గానీ మరో స్టేషను బృందం గానీ దర్యాప్తు చేయాలని, మెజిస్టీరియల్ విచారణ జరగాలని చెప్పింది.

రెండో పద్దు అన్నాను కనుక అదీ చెప్పాలి. ఇన్‌ఫార్మరు అన్న ముద్ర వేసి నక్సలైట్లు చంపినవారి ఇళ్లకు ఎవరు వెళ్లాలి? ఆ ప్రశ్న దగ్గరే బాలగోపాల్ బృందం వేరుపడి 1998లో మానవ హక్కుల వేదిక పెట్టింది. నా మట్టుకు నాకు అది సబబే అనిపించింది. 2019 మే 1న కుర్ఖేడా దగ్గర మందుపాతరకు బలైన పదిహేనుమంది పోలీసులకూ, వారి వాహనం డ్రైవరుకూ ఇళ్లూ పిల్లలూ ఉన్నారు.

అంతకు ఏడాది ముందు, 2018 ఏప్రిల్‌లో మా జిల్లాలో కసనసూర్ దగ్గరా, మరోచోటా కలిపి నలభై మంది చనిపోయారు. అందరూ నక్సలైట్లే అన్నారు పోలీసులు. మా పిల్లలు పెళ్లికి బయల్దేరారు అన్నారు గట్టెపల్లి తల్లిదండ్రులు. హక్కుల సంఘాల బృందం వచ్చి వారి మాటలు రాసుకుంది.

2025 అక్టోబరులో పెద్దపల్లి మనిషి మల్లోజుల వేణుగోపాల్ అరవైమందితో గడ్చిరోలిలో ఆయుధాలు అప్పగించారు. ఊళ్లో ఇప్పుడు రాత్రిళ్లు తలుపు తట్టేవారు లేరంటున్నారు, సంతోషం. పాత పంచనామాలు మాత్రం ఫైళ్లలో అలాగే ఉన్నాయి. మన పిల్లల్లో లా చదివేవాళ్లున్నారు. మరాఠీ, తెలుగు రెండూ వచ్చినవాళ్లు మా వైపు ఒకసారి వచ్చి, వేలిముద్ర వేసిన ముసలివాళ్లకు ఆ కాగితాలు చదివి వినిపిస్తే బాగుంటుంది. మా ఇంట్లో దిగవచ్చు.