చేతులు ఖాళీగా ఉండే ఆట

సికింద్రాబాద్‌లోని ఆ స్విమ్మింగ్ పూల్‌కి నేను వెళ్లేసరికి లైట్లు ఎక్కడ కట్టాలన్న దాని మీద వాదన నడుస్తోంది. ఎలక్ట్రీషియన్ రెండు గోల్‌పోస్టుల పక్కనా చెరో లైటు చాలంటాడు. గట్టు మీద తడి చెప్పులతో నిలబడ్డ పెద్దాయన ఒప్పుకోవడం లేదు. వేలితో కొలను నాలుగు మూలలూ చూపించి, ఆ వేలినే తన వీపు వైపు తిప్పారు. ఆటగాడి వీపు ఎటుంటే అటు రిఫరీ లేనట్టే అని ఆయన చెప్పేది.

ఆయన పుట్టు బధిరులు. ఒకప్పుడు ఈత పోటీల్లో పతకాలు కొట్టారు, ఇప్పుడు రైల్వేలో ఉద్యోగం. బధిర కుర్రాళ్లకు నాలుగు జట్లతో వాటర్ పోలో టోర్నమెంట్ పెడుతున్నారు. మ్యాచ్‌లు ఎవరైనా చూస్తారు, ముందు రోజు పని చూడండి అని కబురు పెడితే వెళ్లాను.

ఈల బదులు లైటు వెలిగిస్తే సరిపోతుందని బయటివాళ్లకు అనిపిస్తుంది. పరుగు పందెంలో అది నిజమే కావచ్చు. అక్కడ అందరూ ఒకే దిక్కు చూస్తూ ఒకే క్షణం కోసం కాచుకుంటారు. వాటర్ పోలోలో జట్టుకు ఏడుగురు నీళ్లలో ఉంటారు, తలో దిక్కు చూస్తుంటారు, ఈల ఏ క్షణాన మోగుతుందో ఎవరికీ తెలియదు. ఫౌల్ అయిందని తెలియక ఒకడు బంతితో ముందుకు పోతే, వాడు మొండివాడనో పొగరుబోతనో పేరు పడుతుంది. వినపడని పిల్లలు స్కూల్లో, బస్సులో, ఇంట్లో రోజూ మోసే నింద అదే. కనీసం ఈ కొలనులో అది పడకూడదన్నది ఆయన పట్టుదల.

నాలుగు మూలలా లైట్లు కట్టారు. నీళ్ల పక్కన 230 వోల్టుల కరెంటు ససేమిరా వద్దని 12 వోల్టుల బ్యాటరీల మీద నడిపించారు. ఇద్దరు రిఫరీల చేతికీ చెరో బటన్ ఇచ్చారు. సాయంత్రం నాలుగున్నరకు కుర్రాళ్లను దింపి చూస్తే పడమటి ఎండ నీళ్ల మీద పడి, అటువైపు రెండు లైట్లు వెలిగాయో లేదో కూడా తెలియలేదు. ఎర్ర టోపీ పెట్టుకున్న గోల్‌కీపర్ చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, ఏమీ కనిపించడం లేదని తల అడ్డంగా ఊపాడు. “గీ ఎండల లైటు ఎట్ల కనిపిస్తది సార్?” అంటూ ఎలక్ట్రీషియన్ ప్లైవుడ్ ముక్కలకు నల్ల రంగు పూసి లైట్ల వెనక నిలబెట్టాడు. కొంత నయమైంది. అయినా పెద్దాయన సాయంత్రం మ్యాచ్‌లన్నీ ఉదయం ఆరున్నరకు మార్చేశారు. దాంతో భోజనాల ఏర్పాటు, జిల్లాల నుంచి వచ్చే జట్ల బస, వాలంటీర్ల డ్యూటీలు అన్నీ మళ్లీ మొదటికొచ్చాయి. ఎవరూ విసుక్కోలేదు.

ఇంతకన్నా ముఖ్యమైన పని ఇంకొకటి ఉంది. ఎవరికైనా కండరం పట్టేసి మునుగుతుంటే లైఫ్‌గార్డ్ ఈల ఊది కేకేస్తాడు. ఇక్కడ ఆ కేక ఎవరికి? నాలుగు లైట్లూ ఆగకుండా మిణుకుమిణుకుమంటే ఆట వదిలేసి అందరూ గోడ పట్టుకోవాలని నిర్ణయించారు. నేను చూస్తుండగానే మూడుసార్లు సాధన చేయించారు. వినికిడితో పాటు లోచెవి దెబ్బతిన్న కొందరికి శరీరం తూకం కూడా సరిగా తెలియదు. నీళ్ల అడుగున ఏది పైనో ఏది కిందో ఒక్క క్షణం తికమకపడతారు. అలాంటి కుర్రాళ్లిద్దరి పేర్లు లైఫ్‌గార్డులకు ముందే చెప్పి, ముఖాలు గుర్తుపెట్టుకోమన్నారు.

కాగితాల బల్ల దగ్గర ఇంకో హడావుడి. అంతర్జాతీయ బధిర క్రీడల నియమం ప్రకారం బాగా వినిపించే చెవిలో కూడా కనీసం 55 డెసిబెల్స్ లోపం ఉండాలి. మనం మామూలుగా మాట్లాడుకునే మాట సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది కాబట్టి, ఈ లోపం ఉన్నవాళ్లకు ఎదుటి మనిషి మాట ఓ గొణుగుడులా చేరితే గొప్ప. ఆటలో ఎవరూ వినికిడి యంత్రం పెట్టుకోకూడదు, అందరూ ఒకే నిశ్శబ్దంలో ఆడాలి. అందుకని బల్ల మీద ఒక స్టీలు డబ్బా పెట్టారు. అడుగున తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు, పైన చిన్న చిన్న జిప్ కవర్లు, ఒక్కో కవరు మీద టేపు అంటించి టోపీ నంబరు. కుర్రాళ్లు వరసలో వచ్చి చెవి నుంచి యంత్రం తీసి, తుడిచి, కవర్లో వేసి నీళ్లలోకి దిగుతున్నారు. ఒకడు మాత్రం తన కవరును డబ్బాలో అన్నిటికంటే కిందకు తోసి మరీ వెళ్లాడు.

ఆరోగ్యశ్రీ కింద చిన్నప్పుడే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ అయిన పిల్లలు ఇప్పుడు ఇలాంటి జట్లలోకి వచ్చే వయసుకొచ్చారు. పైన పెట్టుకునే భాగం తీసేయొచ్చు గానీ చర్మం కింది భాగం అక్కడే ఉంటుంది. వాటర్ పోలో మోచేతులు తగిలే ఆట. బంతి బరువు నాలుగు వందల గ్రాములకు పైనే, విసిరితే వేగంగా వస్తుంది. టోపీకి చెవుల దగ్గర ప్లాస్టిక్ కవచం ఉంటుంది నిజమే, అయినా డాక్టర్ ఉత్తరం లేకుండా అలాంటివాళ్లను దింపేది లేదని పెద్దాయన తేల్చి చెప్పారు. ఉత్తరం తేని ఒక కుర్రాడు బతిమాలాడు. వాడికి గోల్ జడ్జి పని అప్పగించారు. వాడి ముఖం చూస్తే కష్టమనిపించింది, కానీ ఆయన చేసిందే సరైనదని నా నమ్మకం.

ఆయనతో మాట్లాడటానికి ఆయన కూతురు సాయం చేస్తుందేమో అనుకున్నాను. వినగలిగిన పిల్ల, సైగల భాష ఆ అమ్మాయికి ఇంట్లో నేర్చిన మాటే. కానీ ఆయన వెంటనే ఆపేశారు. ఆమె టైమ్‌కీపర్‌గా వచ్చింది, తన గొంతుగా కాదు అన్నారు. దుబాసీ పనికి వేరే ఇద్దరిని డబ్బులిచ్చి పిలిపించారు. ఇద్దరెందుకంటే, ఒకళ్లే అదేపనిగా చేస్తే అరగంటలో చేతులే కాదు బుర్ర కూడా అలసిపోయి మాట జారుతుంది. ఖర్చు తగ్గించుకోవాలంటే చాలామంది నిర్వాహకులు మొదట కొట్టేసే పద్దు ఇదే. ఆయన బ్యానర్లు మానేశారు, దుబాసీలను ఉంచుకున్నారు.

వాళ్ల ద్వారా ఆయన చెప్పిన ఒక సంగతి నాకు ఈ ఆటనే కొత్తగా చూపించింది. వాటర్ పోలోలో అడుగు నేలకు ఆనించకూడదు. అందుకని కాళ్లను గుడ్లు గిలక్కొట్టే కవ్వంలా, ఒకటి అటు ఒకటి ఇటు తిప్పుతూ నీళ్లలో నిలబడతారు. ఎగ్‌బీటర్ అంటారు దాన్ని. ఈత చాలావరకు చేతుల మీద నడుస్తుంది, ఇక్కడ మాత్రం కాళ్లు మనిషిని మోస్తాయి, చేతులు ఖాళీ. “చేతులు ఖాళీగా ఉంటే మాకు నోరు ఉన్నట్టే కదండీ” అన్నారు. కళ్లారా చూశాను కూడా. టైమ్ అవుట్ అడిగిన ఒక కోచ్ గట్టు మీంచి సైగ చేస్తే, ఇరవై మీటర్ల అవతల ఛాతీ దాకా పైకి లేచి నిలబడ్డ కుర్రాడు అక్కడి నుంచే జవాబిచ్చాడు. వినగలిగే జట్టయితే ఆ దూరానికి గొంతు చించుకోవాల్సిందే.

ఆటలోనే సగం సైగల భాష ఉందన్న సంగతి రిఫరీల సమావేశంలో తేలింది. ఫౌల్ చేసినవాడి టోపీ నంబరు రిఫరీ వేళ్లతో చూపిస్తారు. పదికి పిడికిలి, పన్నెండుకు పిడికిలి పక్కన రెండు వేళ్లు. బయటకు పంపినవాణ్ణి తిరిగి లోపలికి రమ్మనడానికి బల్ల దగ్గరి సెక్రటరీ జెండా ఎత్తుతారు. గోల్ పడితే గోల్ జడ్జి చేతులెత్తి అడ్డంగా పెడతాడు. చిక్కంతా ఇంకోచోట వచ్చింది. బధిరులు నీళ్లలో తోటివాణ్ణి పిలవాలంటే నీళ్లు చిమ్ముతారు. ఎదుటి జట్టువాడి ముఖం మీద కావాలని చిమ్మితే అది బయటకు పంపాల్సిన తప్పు. రెంటికీ తేడా ఎలా? గంటసేపు మాట్లాడుకున్నాక, సొంత జట్టువాడి భుజం మీదికైతే పిలుపు, ఎదుటివాడి ముఖం మీదికైతే తప్పు అని రాసుకున్నారు. అనుమానం వస్తే పిలుపుగానే లెక్కేస్తారు. ఈ చివరి మాట చేర్పించింది రిఫరీల్లో అందరికంటే చిన్నవాడు.

మన దేశానికి ఈ ఆట కొత్తేమీ కాదు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో వాటర్ పోలో స్వర్ణం భారత్‌దే. తర్వాత బెంగాల్, కేరళ, సర్వీసెస్, రైల్వే జట్లు దాన్ని బతికించాయి, తెలుగునాట పెద్దగా వేళ్లూనలేదు. బధిర క్రీడలకైతే ఇంకా పొడుగు చరిత్ర ఉంది. 1924లో పారిస్‌లో, తానూ బధిరుడైన యూజీన్ రూబెన్స్ ఆల్కే పూనికతో తొమ్మిది దేశాలతో మొదలయ్యాయి. పారాలింపిక్స్ 1960లో మొదలైందని గుర్తు చేసుకుంటే ఎంత ముందో అర్థమవుతుంది. ఇప్పుడు డెఫ్లింపిక్స్ అని పిలిచే ఆ క్రీడల్లో ఒకప్పుడు వాటర్ పోలో కూడా ఉండేది. నూరేళ్ల పండుగగా 2025 నవంబరులో టోక్యోలో జరిగినప్పుడు ఈత ఉంది గానీ ఈ ఆట లేదు. హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో రైఫిల్ షూటింగ్ స్వర్ణం గెలిచాక ఇక్కడి బధిర పిల్లల ఇళ్లలో ఆటల మాట వినిపిస్తోందని పెద్దాయన అన్నారు. కానీ షూటింగ్‌కు ఒక్కడు చాలు, ఈ ఆటకు నిండు జట్టు కావాలి. జట్లు లేక ఆట పోయింది, ఆట లేక జట్లు రావడం లేదు. ఆ ముడి ఎక్కడో ఒకచోట విప్పాలి కదా అని ఆయన సొంత సెలవులు పెట్టుకుని తిరుగుతున్నారు.

చీకటి పడ్డాక పూల్ మేనేజర్ వచ్చారు. టోర్నమెంట్ అయిపోగానే లైట్లు విప్పుకుని వెళ్లాలని గుర్తు చేశారు. పెద్దాయన ఒప్పుకోలేదు. రోజూ ఉదయం బ్యాచ్‌లో ఈత నేర్చుకోవడానికి వినపడని పిల్లలు వస్తున్నారు, లైఫ్‌గార్డ్ ఈల వాళ్లకు ఏనాడూ వినపడలేదు, కాబట్టి లైట్లు ఇక్కడే ఉండాలని దుబాసీ చేత చెప్పించారు. బ్యాటరీలు ఎవరు ఛార్జ్ చేస్తారని మేనేజర్ అడిగారు. వాచ్‌మన్ చేస్తాడన్నారు, అప్పటికే వాచ్‌మన్‌ను అడిగి ఉంచారట. సరే, రాతపూర్వకంగా ఇవ్వండి అన్నారు మేనేజర్. ఎంట్రీ ఫారాల వెనక తెల్లకాగితం తీసి ఆయన అక్కడికక్కడే రాసిచ్చారు. నాలుగు లైట్లు, రెండు బ్యాటరీలు, లైఫ్‌గార్డులకు సైగల భాషలో ఒక రోజు శిక్షణ. మేనేజర్ చదివి, మూడోదానికి ఖర్చెంతని అడిగారు. ఏమీ లేదు, నేనే వచ్చి నేర్పిస్తానన్నారు పెద్దాయన.