వాల్తేరులో మా అక్కయ్య

విశాఖపట్నం స్టేషనులో దిగగానే మా అక్కయ్య అడిగిన మొదటి ప్రశ్న, "వాల్తేరు ఎక్కడరా?" అని.

నాకు నవ్వు వచ్చింది. మేము దిగిన స్టేషనుకే ఒకప్పుడు వాల్తేరని పేరు. బోర్డు మీద ఆ పేరు ఎనభైలలోనే పోయింది. కాని సామర్లకోటలో మా ఇంట్లో యిప్పటికీ వాల్తేరంటే వూరు కాదు, యూనివర్సిటీ. "ఫలానావారి అబ్బాయి వాల్తేరులో చదువుతున్నాడు" అంటే ఆ రోజుల్లో ఎవరూ మరో వివరం అడిగేవారు కారు. అమ్మాయి చదువుతున్నదంటే మాత్రం చాలా వివరాలు అడిగేవారు.

అక్కయ్య మనుమరాలు క్రిందటి యేడు అక్కడ ఎం.ఏ. ఎకనామిక్సులో చేరింది. "అమ్మమ్మా, ఒక్కసారి వచ్చి చూడు" అని అది పోరగా పోరగా, మొన్న సంక్రాంతి వెళ్ళిన తర్వాత అక్కయ్య నన్ను తోడు తీసుకొని బయలుదేరింది. నేను అక్కడ చదువుకొన్నవాణ్ణి గనుక దారి చూపించే పెత్తనం నాదేననుకొన్నాను. ఆ పెత్తనం సిరిపురం కూడలి దాకా కూడా సాగలేదు.

1971లో నేను మొదటిసారి వచ్చినప్పుడు ఒక రేకు ట్రంకు పెట్టె, ఒక చుట్టిన పరుపుతో రిక్షా ఎక్కాను. మెట్ట మొదలయ్యే చోట రిక్షావాడు దిగి చేత్తో లాగడం మొదలుపెట్టాడు. సిగ్గుపడి నేనూ దిగి వెనుకనుంచి తోశాను. ఇరువైపులా ఎర్రమట్టి, అక్కడక్కడ జీడిమామిడి చెట్లు. గట్టు మీదికి చేరి తల యెత్తేసరికి ఎదురుగా సముద్రం! ట్రంకు పెట్టె సంగతి మరచిపోయి అలాగే నిలబడిపోయాను. ఈసారి ఆటో ఆ మెట్ట ఎప్పుడు ఎక్కిందో తెలియనే లేదు. దారి పొడుగునా అంతస్తు మీద అంతస్తు. సముద్రం ఏ వైపున వున్నదో ఆటో నడిపే కుర్రవాణ్ణి అడగవలసి వచ్చింది.

పోయిన పెత్తనాన్ని నిలబెట్టుకొందామని చరిత్ర ఎత్తుకొన్నాను. నేను చదివినదీ చరిత్రే కదా! 1926లో బెజవాడలో మొదలై 1930లో యిక్కడికి వచ్చిన సంగతి, మొదటి వైస్ చాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డిగారు ప్రభుత్వ దమననీతిని నిరసించి రాజీనామా చేసిన సంగతి, 1931 నుంచి 1936 దాకా రాధాకృష్ణన్‌గారు ఆ కుర్చీలో కూర్చున్న సంగతి, మళ్ళీ రెడ్డిగారే తిరిగి వచ్చిన సంగతి వరసగా చెప్పాను. 1933లో రవీంద్రనాథ టాగూరు వచ్చి మనిషిని గురించి ఉపన్యాసాలిచ్చారన్నాను. జయపురం మహారాజా విక్రమదేవ వర్మగారి దాతృత్వం లేకుంటే సైన్సు కళాశాల లేదన్నాను. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేస్తే యూనివర్సిటీ మొత్తం గుంటూరుకు తరలిపోయి, యుద్ధం ముగిశాక గాని తిరిగి రాలేదన్నాను.

అక్కయ్య అంతవరకూ వూకొట్టి, అక్కడ ఆపింది.

"అంత యూనివర్సిటీయే బాంబులకు జడిసి గుంటూరు పోయిందా? అయితే నాన్నగారి తప్పేమీ లేదులే."

ఆ మాట అర్థం కావాలంటే మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. అక్కయ్య 1967లో కాకినాడలో బి.ఏ. పూర్తి చేసింది, మంచి మార్కులతో. ఎం.ఏ.కు వాల్తేరు వెళ్తానన్నది. దరఖాస్తు ఫారం తెప్పించుకొని, తండ్రి సంతకం చోటు తప్ప తక్కినదంతా నింపింది. అంతకు కొన్ని నెలల ముందే, 1966 నవంబరు 1న, ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యమంలో విశాఖలో కాల్పులు జరిగాయి. మా నాన్నగారు చెడ్డవారు కారు. కాని వద్దనడానికి ఒక కారణం వెదుక్కొంటున్నవారికి అది చేతికి దొరికింది. "తుపాకులు పేలే వూరికి ఆడపిల్లను పంపిస్తామా?" అన్నారు. నాకప్పుడు పదహారేళ్ళు. దాచిన పాత పేపరు తీసుకొనివచ్చి, ఆ వార్త గట్టిగా చదివి వినిపించినవాణ్ణి నేనే. ఎవరూ చదవమనలేదు. ఆ మాఘమాసంలో అక్కయ్యకు పెళ్ళయింది.

దుర్గాబాయమ్మగారు అంతకు సుమారు ముప్పయి యేళ్ళ ముందే, 1930లలో, యీ యూనివర్సిటీలో చదివి పట్టా తీసుకొన్నారు. నాన్నగారితో ఆ మాట అనడానికి నాకప్పుడు తెలియదు. తెలిస్తే అని వుండేవాణ్ణని మాత్రం చెప్పలేను.

నాలుగేళ్ళ తర్వాత నన్ను వాల్తేరు పంపడానికి ఒక్క మాటైనా అడ్డు రాలేదు. నేను చేరిన మరుసటి యేడే జై ఆంధ్ర ఉద్యమం వచ్చి తరగతులు నెలల తరబడి మూతపడ్డాయి. ఆ గొడవల్లో నేను హాస్టలులోనే వున్నాను. అయినా మా ఇంట్లో ఎవరూ తుపాకుల మాట ఎత్తలేదు. నేను రిక్షాలో పెట్టుకొని వచ్చిన ఆ రేకు పెట్టె అక్కయ్యదే. బి.ఏ. చదివేటప్పుడు కొనుక్కొన్నది.

గేటు దగ్గర మనుమరాలు ఎదురు వచ్చింది. అది ముందు, అక్కయ్య దాని చెయ్యి పట్టుకొని, నేను వెనుక. ఆవరణ విస్తీర్ణం 400 ఎకరాలకు పైచిలుకు గదా, ఎంతని నడుస్తాం! మా రోజుల్లో ప్రొఫెసరుగారి కారు వస్తే దారి యిచ్చి నిలబడేవాళ్ళం, కార్లు అంత తక్కువ. యిప్పుడు విద్యార్థుల మోటారు సైకిళ్ళకే నీడ చాలడం లేదు. నీడ అనగానే చెట్లు గుర్తుకు వచ్చాయి. మా తరగతి వెలుపల ఒక పెద్ద చెట్టు వుండేది, దాని మొదట్లో కూర్చొనే పరీక్షలకు చదివాను. "అదిగో, అక్కడ" అని చూపించబోతే అక్కడ సన్నని మొక్కలు వున్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఒక్క పూటలో యీ ఆవరణలో వందల చెట్లను నేలకూల్చింది. ఆనాడు టీవీలో చూచి అయ్యో అనుకొన్నాను. కాని ఖాళీ ఆకాశం కింద నిలబడితే గాని పోయినదేమిటో తెలియలేదు.

కట్టడాలు పెరిగాయి గాని రాజ్యం తగ్గింది. ఒకప్పుడు ఆంధ్రదేశంలో సగం కాలేజీల పట్టాలు యిక్కడినుంచే వచ్చేవి. 1954లో తిరుపతి, 1976లో గుంటూరు వైపు నాగార్జున వేరుపడ్డాయి. 2006లో రాజమండ్రిలో ఆదికవి నన్నయ పేరిట మరొకటి వచ్చింది. మా గోదావరి పిల్లలు యిప్పుడు డిగ్రీకి అటే చూస్తారు. అక్కయ్య పట్టా మాత్రం యిక్కడిదే. ఉదయించే సూర్యుడు, తామరపువ్వు, రెండు పాములు వున్న ఆ ముద్ర మా ఇంటికి పోస్టులో వచ్చింది. ఆ ముద్ర వేసిన చోటు చూడడానికి ఆమెకు యిన్నాళ్ళు పట్టింది.

మా తరగతిలో ఐదుగురు ఆడపిల్లలు వుండేవారు, ముందు బెంచీలో. వాళ్ళను 'గారు' అని పిలవడమే తప్ప రెండేళ్ళలో పది మాటలు మాట్లాడి వుండము. మనుమరాలి తరగతిలో ఆడపిల్లలే ఎక్కువట. అది స్టాటిస్టిక్సు పుస్తకం తీసి, "సి.ఆర్. రావుగారు ఎం.ఏ. లెక్కలు యిక్కడే చదివారు తెలుసా తాతయ్యా? నూరేళ్ళు దాటాక, 2023లో, ప్రపంచం మొత్తం మీద పెద్ద బహుమతి యిచ్చారు" అన్నది. నాకు తెలియదని ఒప్పుకొన్నాను.

వి.ఎస్. కృష్ణగారి పేరిట వున్న గ్రంథాలయానికి వచ్చేసరికి అక్కయ్య ఆగింది. మోకాళ్ళ నొప్పి కాబోలుననుకొన్నాను. "నువ్వు వారానికొక వుత్తరం రాసేవాడివి. సముద్రం రాశావు, మెస్సులో సాంబారు రాశావు, చూచిన సినిమాలు రాశావు. యీ మెట్లెన్నో ఒక్కసారీ రాయలేదురా" అన్నది. తర్వాత ఒక్కొక్క మెట్టే లెక్కపెడుతూ ఎక్కింది. మనుమరాలు ఎవరినో బతిమాలి లోపల కూర్చోనిచ్చే యేర్పాటు చేసింది. అక్కయ్య కళ్ళజోడు తుడుచుకొని, దాని పుస్తకమే తెరచి ముందు పెట్టుకొని, ముప్పావు గంట కూర్చున్నది. అర్థమయిందో లేదో నేను అడగలేదు. ఆ పేపరు సంగతి చెప్పి, తప్పయిందని అందామని రెండుసార్లు నోరు తెరిచాను. అక్కడ గోడమీద 'నిశ్శబ్దం' అని రాసి వున్నది.

బయటికి వచ్చాక చెప్పాను. అక్కయ్య చీర కొంగు సర్దుకొంటూ, "నువ్వు చదవకపోతే ఆయనే చదివేవారు. నీ గొంతు బాగుండేది, అంతే" అన్నది. ఆ తర్వాత హాస్టలులో అన్నం ఎలా వుంటుందని మనుమరాలిని అడిగింది.

గేటు దగ్గర కాపలా ఆయన మమ్మల్ని పాత విద్యార్థులమనుకొన్నాడు. "ఏ బ్యాచి అండీ?" అని అడిగాడు. నేను "డెబ్భై ఒకటి" అనేలోపలే అక్కయ్య "అరవై ఏడు" అన్నది. ఆయన నమస్కారం పెట్టాడు. అక్కయ్య తిరిగి పెట్టింది.

సాయంత్రం రైలులో తుని దాటేవరకూ నిద్రపోయింది. లేచి, "మెట్లు నువ్వు కూడా లెక్కపెట్టావా?" అన్నది. లేదన్నాను. ఎన్నో తాను చెప్పలేదు.