వంతు తెలిసిన లైను

నర్సీపట్నం అబీద్‌ సెంటర్‌కు దగ్గర్లో, ఓ మేడ మీద ఆ కేబుల్‌ ఆపరేటర్‌ గది. సాయంత్రం ఆరున్నరకు మెట్లెక్కాను. ఊరంతా ఇల్లు చేరి ఫోన్లు తెరిచే వేళ. ర్యాకులో ఫ్యాన్లు హోరెత్తుతున్నాయి.

"లైను తెగితే బాధ లేదు సార్‌, స్తంభమెక్కి అతికించేస్తాం. లైను బాగానే ఉండి నెట్టు నత్తలా నడిస్తేనే తలనొప్పి" అన్నాడాయన.

2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్‌ కోవింద్‌ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్‌, కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, నెలకు 149 రూపాయల కనెక్షన్‌తో మొదలైంది. దాన్ని ఇళ్లలోకి చేర్చింది కేబుల్‌ ఆపరేటర్లే. టీవీ కేబుల్‌ జాయింట్లు వేసిన చేతులకే నెట్‌వర్క్‌ సెట్టింగులూ వచ్చిపడ్డాయి.

పని నేర్చుకుంటున్న కుర్రాడు తెర చూపించాడు. ఒక ఫొటో స్టూడియో పెళ్లి వీడియో అప్‌లోడ్‌ చేస్తోంది. అదే లైన్లో పింగ్‌, అంటే ప్యాకెట్‌ వెళ్లి తిరిగొచ్చే సమయం, వందల మిల్లీసెకన్లకు ఎగబాకింది. ఇలాంటప్పుడే వీడియో కాల్‌లో మాట తెగిపోతుంది. పెద్ద బఫరున్న రూటర్‌ ప్యాకెట్లను పారేయకుండా పోగేస్తుంది. దారి నిండిందన్న కబురు పంపేవాడికి అందదు, వాడు ఇంకా కుమ్మరిస్తూనే ఉంటాడు.

దీనికి మందు 1993లోనే వచ్చింది. శాలీ ఫ్లాయిడ్‌, వాన్‌ జాకబ్సన్‌ రూపొందించిన రెడ్‌ పద్ధతి, వరుస పూర్తిగా నిండకముందే కొన్ని ప్యాకెట్లను పారేసి హెచ్చరిస్తుంది. కానీ కనిష్ఠ హద్దు, గరిష్ఠ హద్దు, పారేసే పాళ్లు... ఇవన్నీ లైనును బట్టి అడ్మినిస్ట్రేటరే లెక్కగట్టాలి. అవి కుదరక చాలామంది దాని జోలికే పోలేదు. 2012లో కాథ్లీన్‌ నికోల్స్‌, జాకబ్సన్‌ కలిసి కోడెల్‌ తెచ్చారు. వరుస ఎంత పొడవుందన్నది కాదు, ప్యాకెట్‌ ఎంతసేపు నిలబడిందన్నదే దానికి ముఖ్యం. 100 మిల్లీసెకన్ల పాటు నిరీక్షణ 5 మిల్లీసెకన్లకు దిగకపోతే పారేయడం మొదలెడుతుంది. ఆ లెక్కలు లోపలే ఉంటాయి, మనం తిప్పాల్సిన మర లేదు. ఒక్కో ప్రవాహానికి వంతు వేసే ఏర్పాటు దానికి జతచేస్తే ఎఫ్‌క్యూ-కోడెల్‌. 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8290గా వెలువడింది.

"మాది తాండవ కాలువ కింద శివారు పొలం సార్‌. పైవాళ్లు తూములు తెరిచేస్తే మాకు బురదే. వంతు పెడితేనే మడి తడుస్తాది" అన్నాడు ఆపరేటర్‌.

బల్ల మీద ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సాఫ్ట్‌వేర్‌తో నడిచే రూటర్లో కుర్రాడు ఎఫ్‌క్యూ-కోడెల్‌ సెట్టింగుల పేజీ తెరిచాడు. ఏ పోర్టు, దిగే వేగం, ఎక్కే వేగం: అతను నింపింది ఈ మూడే. వంద ఎంబీపీఎస్‌ లైనుకు తొంభై వేశాడు. ఆ పది ఎందుకు వదిలావని అడిగాను. "వరుస బయట కాకుండా మన రూటర్లోనే కట్టాలండి. మన దగ్గరుంటేనే వంతు వేయగలం."

ఇంటర్‌ చదివిన ఆ కుర్రాడికి లైను వేగం తెలుసు. పారేసే పాళ్ల లెక్క తెలియదు, తెలియక్కర్లేదు కూడా. సెట్టింగు మనిషికి తెలిసిన సంగతే అడగాలి, మిగతా లెక్క దాన్ని తయారుచేసినవాళ్లే మోయాలి. అదే అసలైన గౌరవమని నాకు గట్టిగా అనిపించింది.

ఆ పెట్టెను తీసుకెళ్లి స్టూడియో లైనుకు తగిలించి వచ్చాడు. అప్‌లోడ్‌ మళ్లీ మొదలైంది. పింగ్‌ ముప్పై దాటలేదు. కుర్రాడు ఫోనందుకున్నాడు: "అన్నా, పెళ్లి వీడియో ఆపక్కర్లేదు. ఇప్పుడు కాల్‌ చేసి చూడండి."