బకాసురుడు కాదు, వాననీళ్లు

ఖరగ్‌పూర్‌లో ఆద్రా వైపు బండెక్కితే కంసావతి వంతెన దాటి, మేదినీపూర్, సాల్‌బనీ మీదుగా గర్‌బేతా వస్తుంది. అక్కడ శిలావతి నది ఒడ్డున గనగని అని ఒక ఎర్రటి లోయ ఉంది. గోడలూ, గుహలూ, స్తంభాలూ, ఎవరో ఉలి పట్టి చెక్కినట్టే ఉంటాయి. భీముడూ బకాసురుడూ ఇక్కడే కలబడ్డారనీ, ఆ కుమ్ములాటకి నేల ఇలా అయిందనీ ఊళ్లోవాళ్లు చెబుతారు.

అమ్మని తీసుకెళ్లినప్పుడు ఆవిడ దండం పెట్టేసింది. నేనూరుకుంటానా? బకాసురుడు లేడు, గికాసురుడు లేడు, వాననీళ్లూ ఏరూ కలిసి కోసేశాయని ఉపన్యాసం మొదలెట్టాను. వేల ఏళ్ల వానలకి రాతిలో సిలికా కొట్టుకుపోయి ఇనుమూ అల్యూమినియమూ మిగిలితే అదే లేటరైటు, మనం మొరం అనేది. ఆ ఎరుపు ఇనుము తుప్పు. పైన గట్టి పెచ్చు, కింద మెత్తటి మట్టి, నీళ్లకి దారి దొరికితే కింది నుంచి తొలిచేస్తాయి. అమ్మ అంతా విని, "ఎవరూ చెయ్యకుండా అదే అయిపోయిందంటే ఇంక చూడ్డానికేముందిరా?" అంది.

నాకు జవాబు తట్టలేదు. హేతువాదిగా అంత ఇబ్బంది ఎప్పుడూ పడలేదు.

మన శిల్పులు కూడా నదిని చూపించమంటే ఆడమనిషినే చెక్కారు కదా. అలంపురం నవబ్రహ్మ ఆలయాల ద్వారాల దగ్గర మకరం మీద గంగ, తాబేలు మీద యమున. పక్కన పారేదేమో తుంగభద్ర! కళ్లెదుట ఉన్న ఏరుని వదిలేసి ఎక్కడో ఉత్తరాది దేవతల్ని నిలబెట్టారు.

అదే రైలు లైనులో, విష్ణుపురం తర్వాత వచ్చే బాంకురాలో 1906లో రామ్‌కింకర్ బైజ్ పుట్టాడు. శాంతినికేతన్‌లో 1935లో యూకలిప్టస్ చెట్ల మధ్య చెట్టులాగే సన్నగా, పొడుగ్గా ఒక అమ్మాయి బొమ్మ చేశాడు. తర్వాత నందలాల్ బోస్ సలహాతో నెత్తిన ఒక గిన్నె పెడితే బుద్ధుడికి పాయసం పెట్టిన సుజాత అయిపోయింది. పురాణం కావడానికి ఒక్క గిన్నె చాలింది, చూడండి. 1938 నాటి 'సంథాల్ కుటుంబం'లో ఆ గిన్నె కూడా లేదు. కావడి మోస్తున్న మగమనిషి, కావడి బుట్టలో ఒక పిల్లాడు, భార్య, చంకలో బిడ్డ, వెంట కుక్క. పొట్ట చేతపట్టుకుని ఎక్కడికో పోతున్నారు. పాలరాయి లేదు, కంచు లేదు. ఇనప చువ్వల మీద సిమెంటూ, ఆ చుట్టుపక్కల దొరికే మొరం గులకలూ కలిపి వేసి చెక్కాడు. వాననీళ్లు విరగ్గొట్టిన నేలనే ఏరుకుని మనుషుల్ని చేశాడన్నమాట. అందులో నది బొమ్మ లేదు గానీ నది చేసిన పని ఉంది.

దాని ముందు చాలాసేపు నిలబడ్డాను, దండం పెట్టకుండానే. అమ్మ ఉండగా తీసుకురాలేకపోయాను. దగ్గరికెళ్లి చూస్తే గులకలు విడివిడిగా కనిపిస్తాయి. చిన్నప్పుడు నింపురా రోడ్డు మీద సైకిల్ నుంచి పడితే మోకాలి చిప్పలో దిగేవి ఇలాంటివే. అమ్మ తిడుతూ పిన్నీసుతో ఒక్కొక్కటే తీసేది.