పెద్దమ్మ ప్రసంగం

మా చర్చిలో మగవాళ్లు మాట్లాడితే ప్రసంగం అంటారు. ఆడవాళ్లు మాట్లాడితే సాక్ష్యం అంటారు. చెప్పిన సంగతి ఒకటే కావచ్చు. ఒక్కోసారి ఆవిడే బాగా చెప్పి ఉండవచ్చు కూడా. అయినా ఆయన నిలబడేది మెట్టు మీద, ఆవిడ నిలబడేది మెట్టు కింద. ఆ మెట్టు ఎత్తు జానెడుంటుంది.

మాది ఉత్తర మద్రాసు. తాతగారు ఒంగోలు దగ్గరి పల్లె నుంచి వచ్చి కార్పొరేషను కొలువులో చేరారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో తమిళం, ఆదివారం మళ్లీ తెలుగు. ఈ పత్రిక చదివేవారికి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. మా పేట పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించింది ఏ పంతులూ కాదు, మా పెద్దమ్మ. అమ్మకు అక్క. ఆమె బైబిలు ఉమన్.

మిషను కాలంలో మగ బోధకులు అడుగు పెట్టలేని ఇళ్లలోకి ఈ ఆడవాళ్లు వెళ్లేవారు. గుమ్మంలో కూర్చుని పుస్తకం చదివి వినిపించేవారు, అక్షరాలు నేర్పేవారు, కాన్పు కష్టమైతే రాత్రంతా ఉండేవారు. పెద్దమ్మ చేతిసంచీలో బైబిలు, పలక, అమృతాంజనం సీసా ఉండేవి. తరువాత నేను చర్చి సెక్రటరీనయ్యాక పాత లెక్కల పుస్తకం తిరగేశాను. ఆమె జీతం కిరసనాయిలు ఖర్చుకూ సున్నం ఖర్చుకూ మధ్యన రాసి ఉంది.

1977 ఈస్టరు. నాకప్పుడు పందొమ్మిదేళ్లు. అయ్యగారికి జ్వరం. బాగా మాట్లాడే డీకను ఒకాయన పండక్కి ఊరెళ్లాడు. శనివారం రాత్రి పెద్దలు కూడి, ‘కుర్రాడు పి.యు.సి. చదివాడు కదా, వాడే చెబుతాడు’ అని తేల్చేశారు. పెద్దమ్మ అక్కడే చాప మీద కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లుగా వాక్యం చెబుతున్న మనిషి. ఆమె వంక ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. ఇంటికొచ్చాక మాత్రం ఆమె దగ్గరే ఏడ్చాను.

"ఏడవకురా. కాగితం తే," అంది.

రాత్రి రెండింటి దాకా రాసింది. తెలుగే, కానీ తమిళ అక్షరాల్లో. ఎందుకంటే ఆమె పాఠాలు ఎగ్గొట్టిన మేనల్లుళ్లలో, కొడుకుల్లో నేనే మొదటివాణ్ణి. తమిళంలో పకూ బకూ ఒకటే అక్షరం, కకూ గకూ ఒకటే. అందుకని గ, బ, ద అని పలకాల్సిన చోటల్లా ఎర్ర పెన్సిలుతో కింద చుక్క పెట్టింది. ఆ కాగితాలు చూస్తే అమ్మవారు పోసినట్టుండేవి.

ప్రసంగం మగ్దలేనే మరియ గురించి. సమాధి దగ్గర ఏడుస్తున్న ఆ మనిషి తోటమాలి అనుకున్నదీ, పేరు పెట్టి పిలిస్తే గాని గుర్తుపట్టలేకపోయిందీ. చివర పెద్దమ్మ తన మాట ఒకటి చేర్చింది. ఆయన ఆమెను అక్కడే కూర్చోబెట్టలేదు, వెళ్లి చెప్పమన్నాడు. ఆ పొద్దున తలుపులు వేసుకున్న మగవాళ్లకు కబురు ఆడమనిషి నోటనే అందింది అని. అదంతా నేను మెట్టు మీద నిలబడి చదివేశాను. ఆడవాళ్ల వైపు నుంచి పెద్దమ్మ గట్టిగా ఆమేన్ అంది.

బయట పెద్దలు నా తల మీద చెయ్యి పెట్టారు. వీడిలో ఆత్మ ఉంది, సెమినరీకి పంపాలి అన్నారు. నేను నోరు మెదపలేదు. ఇంటికొచ్చాక పెద్దమ్మ అడిగింది ఒక్కటే: "రెండో కాగితంలో భయం కింద చుక్క కనపడలేదంట్రా? పయం పయం అన్నావేం?"

1989లో పోయింది. భూస్థాపన నాడు ఆమెను నెమ్మది గల సేవకురాలని కొనియాడారు. అదే నేను మినిట్సులో రాశాను.

ఒంగోలు కొండ కథ మా తెలుగు బాప్తిస్టులందరికీ కంఠతా వచ్చు. 1854 జనవరి 1న తెల్లవారకముందే జూయెట్ దొర, దొరసాని, నర్సు, జూలియా, రూతు ఆ కొండెక్కి ప్రార్థించారు. ఏటా కొత్త సంవత్సరం నాడు చెప్పుకుంటాం. ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్లని లెక్కపెట్టగా మాత్రం నేను వినలేదు. కొండ మీద మెట్టు కట్టలేదు గనుక సరిపోయింది కాబోలు.

మూడేళ్ల కిందట మా పిల్ల ఒకతె సేరంపూర్ బి.డి. పూర్తి చేసి వచ్చింది. పెద్దమ్మ దగ్గర అక్షరాలు దిద్దిన ఒకావిడ మనవరాలు. అప్పటికి తెలుగులో వాక్యం చెప్పగల అయ్యగారు దొరకడమే గగనమైంది. 2006 చట్టంతో బళ్లలో తమిళం తప్పనిసరి అయ్యాక మా పిల్లలకు తెలుగు మిగిలింది సండేస్కూల్లోనే. అది నడిపేదీ ఈ అమ్మాయే. అయ్యగారు రిటైరవుతున్నారు, నన్ను వాక్యం చెప్పనివ్వండి, సంఘానికి ఇష్టమైతే అభిషేకించండి అని ఉత్తరం పెట్టింది.

సి.ఎస్.ఐ. వాళ్లు 1976లోనే ఎలిజబెత్ పాల్ గారిని అభిషేకించారు. 2013లో నంద్యాలలో మన తెలుగావిడ ఎగ్గోని పుష్పలలిత గారు బిషపు అయ్యారు. వాళ్లకు సినడు ఉంది, పైనుంచి నిర్ణయం దిగుతుంది. మాకు బిషపు లేడు. ఏ సంఘం తీర్మానం ఆ సంఘానిదే. ఆ స్వేచ్ఛ మాకు గొప్ప. కాదంటే ఆ తప్పు మోపడానికి పైన ఎవరూ లేరన్నమాట.

కూటంలో పెద్ద డీకను లేచి తిమోతి మొదటి పత్రిక రెండో అధ్యాయం, కొరింథీ మొదటి పత్రిక పద్నాలుగో అధ్యాయం చదివాడు. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలనే చోట్లు. ఆయన మొండివాడు కాడు. మంచాన పడ్డ భార్యకు తొమ్మిదేళ్లు తన చేత్తో అన్నం పెట్టినవాడు. రాసి ఉన్నదానికి లోబడాలన్నది ఆయన నమ్మకం. అదే పత్రిక పదకొండో అధ్యాయంలో ప్రార్థించే, ప్రవచించే స్త్రీ తల కప్పుకోవాలని ఉంది కదా, నోరే మెదపకూడని మనిషికి ఆ కట్టుబాటెందుకు అన్నాను. జవాబు రాలేదు.

అప్పుడు పెద్దమ్మ బైబిలు తీశాను. రోమా పత్రిక పదహారో అధ్యాయం మొదటి వచనం కింద ఎర్ర పెన్సిలు గీత ఉంది. ఫీబేను అక్కడ పరిచారకురాలు అన్నారు. ఫిలిప్పీ పత్రిక మొదట్లో అధ్యక్షుల సరసన పరిచారకులు ఉన్నారు. గ్రీకులో రెండు చోట్లా ఒకే మాట. పాత ఇంగ్లీషు బైబిలు మగవాళ్లను డీకన్లని, ఫీబేను సర్వెంటని విడదీసింది. మన తెలుగు అనువాదం ఆ పని చేయలేదు. మనమే పరిచారకులన్న మాట వదిలేసి, ఎన్నికైన మగవాళ్లకు డీకన్లని ఇంగ్లీషు పేరు తగిలించుకున్నాం. పేరు మారాక బంధుత్వం ఎవరికి కనపడుతుంది?

అసలు గట్టి అభ్యంతరం ఆడవాళ్ల వైపు నుంచే వచ్చింది. "ముట్టు రోజుల్లో రొట్టె విరుస్తుందా?" అని ఒక ముసలావిడ అడిగింది. మగవాళ్లంతా తలలు దించుకున్నారు.

"పన్నెండేళ్లు రక్తస్రావంతో ఉన్న ఆవిడ ముట్టుకుంటే ఆయన వెనక్కి జరిగాడా అవ్వా?" అంది ఆ అమ్మాయి.

అప్పుడు నేను లేచి 1977 సంగతి చెప్పేశాను. రాత్రంతా రాసిందెవరో, మెచ్చుకోళ్లు ఎవరు పుచ్చుకున్నారో. కాళ్లు వణికాయి. పెద్ద డీకను చాలాసేపు నా వంక చూశాడు. "నువ్వు పయం పయం అంటుంటే నవ్వుకున్నాను. ప్రసంగం మాత్రం మరిచిపోలేదు," అన్నాడు. అయినా చెయ్యి ఎత్తింది వద్దనే వైపే.

నెలకొక ఆదివారం ఆమె వాక్యం చెప్పవచ్చునని తీర్మానం అయింది. అభిషేకం ఊసు వాయిదా వేశారు. గొడవలెందుకు, మినిట్సులో సాక్ష్యం అని రాయండి అన్నారొకరు. నేను ప్రసంగం అని రాసి, పైకి చదివి, సంతకం పెట్టాను.

మొదటి నెల పెద్ద డీకను రాలేదు. రెండో నెల వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. అభిషేకం సంగతి వచ్చే సర్వసభ్య కూటం ఎజెండాలో ఉంది. నాలుగో అంశం, షామియానా బాడుగ తరువాత.