సెల్లార్‌లో రైల్వే స్టేషన్

హాంబర్గ్ వస్తే అందరూ మినియేచర్ వండర్‌లాండ్ చూస్తారు. పాత గోదాముల్లో 2001లో మొదలైన బుల్లి రైళ్ల లోకం అది. అన్నీ అసలు రైళ్లలో 87వ వంతే! నేనూ చూశా. కానీ నా మనసు మాత్రం మా ఇంటి ఓనర్ తాతగారి సెల్లార్‌లోనే ఉండిపోయింది.

అక్కడా అదే సైజు రైళ్లు. ఇంజిన్‌ని ఎక్కించుకుని గుండ్రంగా తిరిగి షెడ్డుకి చేర్చే టర్న్‌టేబుల్ మొరాయించింది. సగం తిరగ్గానే లేఅవుట్ మొత్తానికీ కరెంటు కట్! “చేతులు వణుకుతున్నాయి, ఇక రిపేర్లు నా వల్ల కాదు. అమ్మేస్తా” అన్నారాయన.

సాఫ్ట్‌వేరోణ్ణి కదా, ల్యాప్‌టాప్ తీశా. రెండు శనివారాలు సెట్టింగులన్నీ తిరగేసినా ఏం లాభం లేదు. “ప్రతిసారీ ఒకే చోట ఆగుతోంది, చూశావా?” అన్నారు తాతగారు.

వంతెన ఎత్తి చూశాం. అరచుట్టు తిరిగితే దాని పట్టాల కనెక్షన్ తారుమారవుతుంది. దాన్ని సర్దడానికే కింద కరెంటు రింగుని రెండు ముక్కలు చేసి, మధ్యలో సన్నటి ఖాళీ వదిలారు. ఆ ఖాళీలో నల్లటి లోహపు పొడి చేరింది. అదీ షార్ట్ సర్క్యూట్! ఇయర్‌బడ్‌తో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచా.

ఇంజిన్ మెల్లగా తిరిగి షెడ్డులోకి వెళ్లింది. తాతగారు మళ్లీ అమ్మకం మాటెత్తలేదు. తుడిచే డ్యూటీ మాత్రం ఇప్పుడు నాదే.